గంగాళంలో రాని పసుపు

మొన్న పొద్దున మా అపార్టుమెంటుకు నీళ్ళ మిషన్లు అమ్మే అబ్బాయి ఒకడు వచ్చాడు. మెడలో టై, చేతిలో పెట్టె, నోటినిండా మాటలు. తలుపు తీసిన మా కోడలు వద్దని చెప్పడానికి మొహమాటపడి లోపలికి రానిచ్చింది. అతను వంటింటి కొళాయి నీళ్ళు ఒక గాజుగ్లాసులో పట్టి, జేబులోంచి చిన్న సీసా తీసి, అందరికీ కనబడేట్టు గ్లాసును కిటికీ వెలుతురుకు ఎత్తి నాలుగు చుక్కలు వేశాడు. నీళ్ళు చూస్తుండగానే లేత పసుపురంగుకు తిరిగాయి. "సూడండి మేడం, మీరు దినామూ తాగే నీళ్ళలో ఎంత విషం ఉండాదో" అన్నాడు. మా కోడలు గుండెల మీద చెయ్యి వేసుకుంది. నేనేమో మోకాళ్ళ నొప్పుల సంగతే మరిచిపోయి కుర్చీలోంచి లేచి, చప్పట్లు కొట్టినంత పని చేశాను.

ఎన్నేళ్ళయిందో ఆ పసుపును చూసి! నా ఉద్యోగజీవితం మొదట్లో ఆ రంగు కోసం నేను తిరగని వీధి లేదు, ఎక్కని ట్యాంకు నిచ్చెన లేదు. ఆ చుక్కలు వేస్తే నీళ్ళు పచ్చబడ్డాయంటే, బ్లీచింగు మందు ఇంకా నీళ్ళలో మిగిలి ఉందని అర్థం. గొట్టం దారిలో ఎక్కడైనా రోగపు పురుగు చేరినా దాని పని పట్టేందుకు మందు సిద్ధంగా ఉందని అర్థం. ఈ అబ్బాయి ఇంటికి కాపలా ఉన్నవాణ్ణి చూపించి దొంగ దొంగ అని అరుస్తున్నాడన్నమాట. ఆ మాట చెబితే పాపం అతని ముఖం చిన్నబోతుందని ఊరుకుని, ఇంకో గ్లాసు పట్టుకొచ్చి, ఈసారి చుక్కలు నన్ను వెయ్యనిమ్మని అడిగాను. ఎవరో పిచ్చి ముసలమ్మ అనుకుని ఉంటాడు. వేశాను. మళ్ళీ అదే పసుపు. మీలో ఎవరికైనా చిన్నప్పటి నేస్తం రైల్వే స్టేషన్లో ఎదురుపడి ఉంటే నా సంబరం మీకు తెలుస్తుంది.

బ్లీచింగు వాసన మీద నాకున్న మమకారం అసలు పుట్టింట్లోనే మొదలయింది. మాది చిత్తూరు. మా నాయన బంగారుపాళ్యం దగ్గర మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో పని చేసేవాడు. కాయల కాలం వచ్చిందంటే లారీల కొద్దీ తోతాపురి దిగేది, ఆ కాయలన్నిటినీ బ్లీచింగు కలిపిన తొట్ల నీళ్ళలో కడిగేవారు, సాయంత్రానికి మా నాయన చొక్కా నిండా పండిన మామిడి వాసన, దాని వెనకే బ్లీచింగు ఘాటు. ఆయన సైకిలు దిగకముందే ఆ వాసన పసిగట్టి మేం పిల్లలం వీధిలోకి ఉరికేవాళ్ళం, ఎందుకంటే క్యారియరు మీద దెబ్బ తగిలిన కాయల సంచి ఉండేది. ఆ విధంగా లోకానికంతా ఆస్పత్రిని గుర్తుచేసే వాసన నాకు మాత్రం మామిడిపండును గుర్తుచేస్తుంది. ఇప్పటికీ అంతే.

చదువు కాగానే తిరుపతిలో నీళ్ళు పరీక్షించే చిన్న లేబొరేటరీలో నాకు ఉద్యోగం వచ్చింది, వెనువెంటనే అదే ఊళ్ళో సంబంధమూ కుదిరింది. మా వారిది గుడి కైంకర్యం చేసే వైష్ణవ కుటుంబం. మామగారు తెల్లవారుజామున కోవెలకు వెళితే మళ్ళీ పొద్దెక్కాకే ఇంటికి. ఇక మా అత్తగారి మడి గురించి చెప్పాలంటే ఈ కాగితాలు చాలవు. పెరటి బావిలోంచి తడిబట్టలతో ఆమె స్వయంగా చేదిన నీళ్ళే పెరుమాళ్ళకు, ఆ నీళ్ళే మా అందరికీ. వీధిలో కొళాయి ఉన్నా దాని ముఖం చూసేది కాదు. కొళాయి లోపల తోలు వాషరు ఉంటుందని ఎవరో ఆమెకు చెప్పారు, తోలు తగిలిన నీళ్ళు దేవుడికి ఎట్లా పెడతామని ఆమె ప్రశ్న. ఆ కాలంలో నిజంగానే తోలు వాషర్లు ఉండేవి కాబట్టి నా కెమిస్ట్రీ డిగ్రీ దగ్గర దానికి జవాబు లేదు. కోడలు జీపులో ఊరంతా తిరిగి కొళాయి నీళ్ళు మంచివని చెప్పి వస్తుంది, ఇంట్లోనేమో కొళాయి నీళ్ళు గడప దాటవు. మా వారు దీన్ని తలుచుకుని తలుచుకుని నవ్వేవారు.

అయినా నాకు ఆ ఉద్యోగమంటే ఎంత హుషారో! చెక్కపెట్టెలో గాజుగొట్టాలు, చుక్కల సీసా పెట్టుకుని, గొట్టం ఎక్కడ ఆఖరవుతుందో ఆ వీధి చివరి ఇంటికి పోయేదాన్ని, ఎందుకంటే మొదటి ఇంట్లో పసుపు రావడం గొప్ప కాదు, చివరి ఇంట్లో రావాలి. చుట్టూ ఆడవాళ్ళు బిందెలతో మూగేవాళ్ళు. గాజుగొట్టంలో రంగు తిరగ్గానే "పసుపొచ్చె, పసుపొచ్చె" అని నాకంటే ముందు వాళ్ళే కేకలు వేసేవాళ్ళు. రంగు రాని రోజున నేను అన్నం సరిగ్గా తినేదాన్ని కాదు.

ఇట్లా ఉండగా ఒక ఎండాకాలం మా వీధిలో కామెర్లు మొదలయ్యాయి. మొదట మూలింటి పంతులుగారికి, ఆ తర్వాత ఎదురింట్లో అన్నదమ్ములిద్దరికీ. సరిగ్గా అప్పుడే మా ఆడపడుచు గూడూరు నుంచి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. తొలి చూలు, నెలలు నిండుతున్నాయి. చూసే డాక్టరమ్మ మా అత్తగారిని పక్కకు పిలిచి, ఈ జబ్బు మామూలువాళ్ళకు వస్తే పథ్యంతో పోతుందిగానీ నిండుగర్భిణికి వస్తే తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ప్రాణం మీదికి వస్తుందని చెప్పిందట. నేను ఆ రోజే మా బావి నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళి నా చేతులతోనే పరీక్షపెట్టాను. గోడ అవతలి మురికి కాలువ లోలోపల ఎప్పుడు తోవ చేసుకుందో ఏమో, ఆ నీళ్ళలో ఉండకూడనివన్నీ ఉన్నాయి.

ఇంటికొచ్చి ఎట్లా చెప్పాలా అని నేను మల్లగుల్లాలు పడుతుంటే మా అత్తగారే నా ముఖం చూసి గ్రహించింది. ఆమె వాదించలేదు. "నా మడి నా బిడ్డకంటే పెద్దదా ఏందే?" అన్నది, అంతే. బావి గట్టుకు పసుపు రాసి కుంకుమ పెట్టి, నమస్కారం చేసుకుని, పైన పలకలు వేయించింది. ఆ సాయంత్రం ఆమె పెరటివైపు తలుపు కూడా తీయలేదు. అట్టి మనిషి మరునాడు తెల్లవారి బిందె పట్టుకుని వీధి కొళాయి దగ్గరికి నడుస్తుంటే నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

కాచి చల్లార్చి తాగితే సరిపోయేది కదా అని మీరు అంటారు. తిరుపతి ఎండల్లో కాచిన నీళ్ళు పొద్దుగూకినా చల్లబడవు, చల్లబడ్డా మా ఆడపడుచుకు ఆ చప్పిడి నీళ్ళు గుటక దిగేవి కావు, అసలే వేవిళ్ళు చివరి నెలల దాకా వదలని మనిషి. అందుకని కొళాయి నీళ్ళే గతి. కామెర్ల గోల వల్ల ఊళ్ళో బ్లీచింగు మోతాదు కూడా పెంచారు. మా వీధి కొళాయి దగ్గర నేను చుక్కలు వేస్తే చామంతిపువ్వు రంగు వచ్చేది. ఇక భయం లేదని ధీమాగా ఆఫీసుకు వెళ్ళాను.

ఆ ధీమా మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. ఇంట్లో అందరం తాగేది ఇత్తడి గంగాళంలోంచి. అన్నానికి ఇంటికి వచ్చినప్పుడు ఊరికే సరదాకు, అందులోంచి కాసిని నీళ్ళు ముంచి చుక్కలు వేశాను. రంగు రాలేదు. ఇంకో రెండు చుక్కలు వేశాను. గాజుగొట్టంలో నీళ్ళు ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయి. పొద్దున కొళాయిలో అంత పచ్చగా ఉన్న నీళ్ళు గడప దాటి గంగాళంలోకి చేరేసరికి మందు మొత్తం ఎక్కడికి పోయింది? మరునాడూ అంతే, ఆ మరునాడూ అంతే. పైగా నీళ్ళకు ఒక వింత వాసన పట్టుకుంది. బ్లీచింగు వాసన నాకు చుట్టం లాంటిది, నేను గుర్తుపడతాను, ఇది అది కాదు; టించరు సీసా మూత తీసినట్టు ముక్కులోకి కొట్టే మందుల వాసన. "ఏందే ఈ నీళ్ళు, ఆస్పత్రి వరండాలో కూర్చున్నట్టుండాది" అని అత్తగారు విసుక్కుని, ఆ కంపు చంపడానికి తనకు తెలిసిన ఉపాయాలన్నీ చేస్తూనే ఉంది, కంపు రోజురోజుకూ పెరుగుతూనే ఉంది.

నాకు పాడు అనుమానం వచ్చింది. ఒకరోజు పెరట్లో బావి చేంతాడు తడిగా కనబడింది, పలక ఒకటి పక్కకు జరిగి ఉంది. అత్తగారు దేవుడి కోసం మళ్ళీ బావినీళ్ళు చేది గంగాళంలో కలుపుతున్నదా? అడగడానికి నోరు రాదు, అడక్కుండా ఉండడానికి మనసు ఊరుకోదు. ఆ మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్న వేళ పెరట్లో చప్పుడైతే పరుగున వెళ్ళాను. బావి దగ్గర ఉన్నది అత్తగారు కాదు. మా ఆడపడుచు, ఒక చేత్తో నడుం పట్టుకుని, ఇంకో చేత్తో చెంబు ఎత్తి గటగటా తాగుతున్నది.

నన్ను చూసి ఏడ్చేసింది. "ఆ గంగాళం నీళ్ళు నోట్లో పోసుకుంటే మందులంగడి మింగినట్టు ఉండాది వదినా, లోపల ఉండేదంతా పైకొస్తాది. అమ్మకు చెప్పొద్దు, ఎంత కష్టపడి కొళాయి దగ్గరికి పోతుండాదో" అన్నది. ఎన్నాళ్ళ నుంచి తాగుతున్నదో అడిగితే వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఏ నీళ్ళ నుంచి కాపాడాలని ఇల్లంతా కిందా మీదా పడుతున్నామో, ఆ నీళ్ళే ఆమె కడుపులోకి పోతున్నాయి. దగ్గరికి తీసుకుని, కింది రెప్పలు లాగి కళ్ళలో తెల్లగుడ్డు చూశాను. తెల్లగానే ఉంది. కానీ ఆ జబ్బు వెంటనే బయటపడేది కాదని నాకు తెలుసు.

తిట్టి ప్రయోజనం లేదు, ఆ వాసన పోగొట్టకపోతే దాహం వేసిన మనిషి ఎన్ని పలకలు వేసినా బావి వెతుక్కుంటూ పోతుంది. మరి వాసన ఎక్కడి నుంచి? వంటింట్లోకి వెళ్ళి గంగాళం మూత తీసి మోచేయి దాకా చెయ్యి పెట్టాను. అడుగున వేళ్ళకు మెత్తగా ఏదో తగిలింది. లాగి చూస్తే వట్టివేళ్ళ కట్ట. దాని కింద ఇంకో కట్ట. దాంతో పాటు గుప్పెడు తులసి. బావినీళ్ళు అయితే అట్లాగే పెరుమాళ్ళకు పనికొచ్చేవి, ఈ తోలు వాషరు నీళ్ళను దేవుడికి తగినట్టు చెయ్యాలని అత్తగారు ముందుగానే గంగాళం అడుగున వట్టివేళ్ళు, తులసి పరిచి, వాటి మీద కొళాయి నీళ్ళు పోస్తున్నది. కంపు వస్తున్నకొద్దీ కట్టలు పెంచుతున్నది!

నా తలలో ఏదో వెలిగింది. కొళాయి నీళ్ళు రెండు సీసాల్లో పట్టి, ఒకదానిలో ఒక చిక్కు వట్టివేరు వేసి, రెంటినీ కిటికీలో పెట్టి, పొయ్యిమీద పాలు పెట్టినదానిలాగా అక్కడే కాచుకుని కూర్చున్నాను. కాసేపటికి చుక్కలు వేశాను. వేరు వెయ్యని సీసాలో చామంతి రంగు. వేరు వేసిన సీసాలో ఏమీ లేదు, ముక్కు దగ్గర పెట్టుకుంటే అదే టించరు వాసన! నేను వేసిన కేకకు అత్తగారు నిద్రలోంచి లేచి పరుగెత్తుకొచ్చింది. మందు పురుగుల మీదికి పోవాల్సింది పోయి వేరు మీదికి పోతున్నదనీ, వేరులోని రసమూ మందూ కలిసి ఈ కొత్త కంపును పుట్టిస్తున్నాయనీ, కలిసి ఖర్చయిపోయాక ఇక పురుగును చంపడానికి మందే మిగలడం లేదనీ నేను గుక్క తిప్పుకోకుండా చెప్పాను. పెరటి సంగతి కూడా ఆడపడుచే బయటికొచ్చి ఏడుస్తూ చెప్పేసింది.

అత్తగారు రెండు సీసాలనూ మార్చి మార్చి వాసన చూసింది. కోపగించుకుంటుందేమో అనుకున్నాను. గోడకు ఆనుకుని మెల్లగా కూర్చుని, "గుళ్ళో తీర్థం పట్టేటప్పుడు ముందు గిన్నె శుద్ధి, నీళ్ళ శుద్ధి. పరిమళం ఆఖర్న కదే వేసేది. ఆ మాత్రం నాకు తెలీదా? కంగారులో నేనే ముందు వేసేసినాను" అన్నది. నేను ఆమెను పట్టుకుని ఊపేశాను, మడి అని కూడా చూడలేదు. బ్లీచింగు మందును ఆమె శుద్ధి కింద లెక్క వేసుకుంది! ఇక నాకేం కావాలి?

ఆ మరునాటి నుంచి మా ఇంటి పద్ధతి మారిపోయింది. ఖాళీ గంగాళంలో కొళాయి నీళ్ళు పోసి మూత పెట్టడం, మందు పని చేసేంతసేపు ఆగడం, నేను కాసిని ముంచి చుక్కలు వేసి రంగు చూసి ఆ కాసిని పెరట్లో పారబొయ్యడం, అప్పుడు అత్తగారు తాగేపాటి నీళ్ళు చిన్న బిందెలోకి వంచి అందులో ఒక్క వట్టివేరు, రెండు తులసాకులు వేసి, కంపు పుట్టకముందే వాడెయ్యడం. ఆడపడుచు చెంబులో మాత్రం వాళ్ళ అత్తగారు గూడూరు నుంచి పంపిన నిమ్మకాయ పిండేవాళ్ళం. నిమ్మరసం పడగానే మిగిలిన ఘాటు కూడా ఇట్టే విరిగిపోయేది, ఆమె చెంబు దించకుండా తాగేది. తులసి చేతిలో పట్టుకుని అత్తగారు వంటింట్లోంచి "పసుపొచ్చిందా?" అని అడిగేది. "వచ్చింది అత్తా" అని నేను కేక వేస్తే తప్ప ఆకు బిందెలో పడేది కాదు. పెరుమాళ్ళ తిరువారాధన కూడా నా కేక కోసం ఆగేది. ఈ గౌరవం నాకు ఆఫీసులో ఏ పై అధికారీ ఇవ్వలేదు.

కానీ ఆ రోజుల్లో మా ఇంట్లో రెండు పసుపులు ఉండేవి. ఒకటి రావాలని గంగాళంలో చూసేవాళ్ళం, ఇంకొకటి రాకూడదని ఆడపడుచు కళ్ళలో చూసేవాళ్ళం. పొద్దున లేవగానే అత్తగారు కూతుర్ని వాకిట్లో వెలుతురుకు నిలబెట్టి రెప్పలు లాగేది, ఆ తర్వాత నేను, కోవెల నుంచి వచ్చాక మామగారు. "నా కళ్ళు ఊడొస్తాయి మీ ముగ్గురి చేతుల్లో" అని ఆమె నవ్వేది, మాకు నవ్వు వచ్చేది కాదు. ఎదురింటి అన్నదమ్ములు లేచి తిరిగారు, వీధిలో కొత్తగా ఎవరూ పడలేదు, మేం మాత్రం చూడడం మానలేదు. చివరికి ఒక వానపడ్డ సాయంత్రం ఆడపిల్ల పుట్టింది, నల్లగా, గుండ్రంగా, ఇల్లెగిరిపోయే గొంతుతో. తల్లి కళ్ళు మల్లెపువ్వుల్లా ఉన్నాయి. బిడ్డను ఎత్తుకోకముందే అత్తగారు దాని రెప్పలు కూడా లాగి చూసింది, ఆస్పత్రిలో అందరూ నవ్వారు, అప్పుడు నేను ఏడ్చాను.

నా ఉద్యోగం చివరి ఏళ్ళలో పెద్ద పెద్ద మిషన్లు వచ్చాయి. నీళ్ళలో కుళ్ళిన ఆకులూ నాచూ ఉంటే క్లోరిన్ వాటితో కలిసి కొత్త పదార్థాలను పుట్టిస్తుందనీ, ట్రైహాలోమీథేన్ల వంటి కొన్నింటిని ఏళ్ళ తరబడి ఎక్కువగా తాగితే ఒంటికి మంచివి కావనీ శిక్షణలో చెప్పారు. అందరూ గంభీరంగా రాసుకుంటుంటే నేను ఒక్కదాన్నే సంబరం పట్టలేక కుర్చీలో కదిలిపోయాను. ఇది మా అత్తగారి గంగాళం కథే కదా! దానికి మందు మానెయ్యడం విరుగుడు కాదు, మానేస్తే వచ్చే చావు ముందే వస్తుంది. మందు వెయ్యకముందే నీళ్ళలోని ఆకూ అలమూ వడగట్టి తీసెయ్యాలి, ఆ రెంటినీ ఎదురుపడనివ్వకూడదు.

మొన్న మా కోడలు కూడా ఆ అబ్బాయి ముందే "క్లోరిన్ వల్ల ఏమేమో పుడతాయంట కదా అత్తా, ఫోన్లో సూసినాను" అన్నది. మంచి ప్రశ్న వేసిందని నాకు ముచ్చటేసింది. ఆమె భయమూ నిజమే, నా పసుపూ నిజమే అని, ఇద్దరినీ కూర్చోబెట్టి గంగాళం కథంతా చెప్పాను. మిషను కొనడం మానడం మీ ఇష్టం, బొగ్గు జల్లెడ, అదే కార్బన్ ఫిల్టరు, ఉండేది పెట్టుకుంటే నష్టం లేదుగానీ, దానికి ముందు కొళాయిలో పసుపు ఉన్నదా లేదా అన్నది మాత్రం చూసుకోండి అన్నాను. ఆ అబ్బాయి టీ తాగి, పోయేటప్పుడు నవ్వుతూ చుక్కల సీసా నా చేతిలో పెట్టి పోయాడు. ఈ చుక్కల మందు ఒంటికి మంచిది కాదని ఇప్పుడు లేబొరేటరీల్లో వాడడం లేదు, గులాబిరంగు వచ్చే బిళ్ళలు వచ్చాయి. అయినా ఆ సీసాను చంటిపిల్లల చేతికి అందకుండా పై అరలో భద్రంగా పెట్టుకున్నాను.

ఇప్పుడు ఏ వీధిలో చూసినా క్యాన్లు దిగుతున్నాయి. ఆ నీళ్ళు ఏ బోరువో, ఎవరు ఏం చేశారో అడిగేవాళ్ళు లేరు, వాటికి వాసనా లేదు, రుచీ లేదు, ఇంటింటికీ ఒకే నీళ్ళు. ఒకప్పుడు కళ్ళు మూసుకుని గుక్కెడు తాగి ఇది ఎవరింటి నీళ్ళో చెప్పేవాళ్ళం. మంచినీళ్ళ కోసం ఇల్లంతా ఒకచోట ఊపిరి బిగబట్టి నిలబడడం ఇప్పటి పిల్లలకు తెలియదు, తెలియాల్సిన అవసరం రాకపోవడం మంచిదే.

నిన్న పొద్దున అందరికంటే ముందు లేచి, వంటింటి కొళాయి తిప్పి, గాజుగ్లాసులో నీళ్ళు పట్టి చుక్కలు వేశాను. కిటికీ వెలుతురులో చక్కని పసుపు తిరిగింది. ఒళ్ళు మరిచి "వచ్చింది అత్తా" అని గట్టిగా కేక వేశాను. లోపలి గదిలోంచి మా కోడలు నిద్రమత్తుతో "ఏం వచ్చింది అత్తా?" అని అడిగింది. గ్లాసులో నీళ్ళు పారబోసి, చిన్న బిందెలోకి మంచినీళ్ళు పట్టాను. బాల్కనీ కుండీలోంచి రెండు తులసాకులు తుంచి చేతిలో పెట్టుకున్నాను, కానీ ఇక వెయ్యవచ్చునని ఎవరికి చెప్పాలో తెలియలేదు.